గుర్తు పెట్టిన గ్లాసు

2005 జనవరి 2, ఆదివారం

గండయ్యా, నీ నడుము నొప్పి ఎట్లా ఉంది? పొద్దంతా చెరువు నీళ్లలో నిలబడి వల లాగితే నడుము నిలుస్తుందా. అశ్రితా, నా తల్లీ, నీ చెవిపోటు తగ్గిందా? బుచ్చవ్వా, నీ మోకాళ్లు? బాలమణీ, నీ ఒంట్లో అంతా బాగేనా? నిజం చెప్పు.

ఈ మాటలు ఎవరికీ పంపేది లేదు. రాత్రి బడిలో మాకు అక్షరాలు దిద్దించిన ఇందిరమ్మ టీచరు, ఏది రాసినా ముందు అందరి క్షేమం అడగాలంది. అందుకని ఈ డైరీని కూడా అట్లాగే మొదలుపెట్టాను.

జవాబులు కూడా నేనే రాసుకుంటాను. కొడుకు గండయ్యకు నడుము నొప్పి తప్ప వేరే బాధ లేదు. మనవరాలు అశ్రితకు ఐదేళ్లు నిండాయి, చెవి తగ్గింది. పక్కింటి బుచ్చవ్వ మోకాళ్లు నడవనంటున్నాయి కానీ నోరు బాగా నడుస్తోంది. నాకేం, నేను బాగానే ఉన్నాను. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, ఆ దుమ్ముకు కొంచెం దగ్గు.

రంది అంతా కోడలు బాలమణి గురించే. శామీర్‌పేట అవతల కొత్తగా వచ్చిన మందుల కంపెనీలో పని ఆమెది. ఈ డైరీ వాళ్లే ఇచ్చారు. అట్ట మీద కంపెనీ పేరు కనబడకుండా పాత క్యాలెండర్ కాగితం అంటించాను. మనుషులకు ఎయిడ్స్ రాకుండా ఒక టీకా కనిపెడుతున్నారట. దాన్ని ముందు కోతులకు వేసి చూస్తారట. బాలమణి ఆ కోతులకు తిండి పెడుతుంది, బోన్లు కడుగుతుంది. మా లాల్‌గడి మలక్‌పేటలో అందరూ దాన్ని కోతుల కంపెనీ అంటారు. ఇంకో మాట కూడా అంటారు, అది రాయను.

జనవరి 22, శనివారం

హనుమంతుడి గుడికి పోయాను. ఆయన కళ్లలోకి చూడబుద్ధి కాలేదు. ఆయన పిల్లలకే కదా సూదులు గుచ్చుతున్నది, ఆ చేతులు పట్టుకునేది నా కోడలే కదా.

అన్నం తినేటప్పుడు అడిగాను, ఆ జబ్బు కోతులకు పెట్టి చూస్తారా అని. బాలమణి నవ్వింది.

"పెట్టరు అత్తమ్మా. టీకా ఏస్తరు, మల్ల రక్తం దీసి తాకత్ వచ్చిందా లేదా అని సూస్తరు. జబ్బు పెట్టి సూసుడు వేరే దేశాల్ల జేస్తరట. అది గూడ కోతులకొచ్చే జబ్బేనట, మనది కాదు."

నేను వదలలేదు. జబ్బే పెట్టకపోతే టీకా పనిచేసిందని ఎట్లా తెలుస్తుందన్నాను. ఆ సంగతి రాజారావు సారుకు తెలుసంది. ఆయన అక్కడ కోతులకు డాక్టరు. మరి పని అయిపోయాక ఆ కోతులను ఏం చేస్తారని అడిగాను. ఆమెకు వినబడలేదేమో, పప్పు కలుపుకుంది.

చెవి తెగిన కోతి ఒకటి ఉందట. దానికి ముత్తి అని పేరు పెట్టుకుంది. రొమ్ము మీద నంబరు పచ్చబొట్టు పొడిచి ఉంటుందట. నంబరు ఉండగా పేరెందుకు?

ఫిబ్రవరి 8, మంగళవారం

బాలమణిని కోతి గీరింది. ముత్తి కాదట, ఇంకొకటి. చేతి తొడుగుకు పైన, మోచేయి దగ్గర. సబ్బుతో చాలాసేపు కడిగించారట, సారు చూసి మందు రాశాడట. బాలమణి ఏమీ కానట్టే కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది.

"గుడికాడి కోతి నిన్ను గీరలేదా అత్తమ్మా, మొన్న పోయినేడు?"

గీరింది. కానీ నన్ను గీరిన కోతికి సూదులు పొడవలేదు కదా.

ఫిబ్రవరి 9

అశ్రిత గోళ్ల రంగు సీసా తీసుకుని ఒక స్టీలు గ్లాసు అడుగున ఎర్ర చుక్క పెట్టాను. బాలమణికి నీళ్లు, చాయ దాంట్లోనే ఇస్తున్నాను. పైకి కనబడదు.

మా అమ్మ పటేళ్ల ఇంటికి చేపలు తీసుకుపోయి దాహమంటే పైనుంచి దోసిట్లో పోసేవాళ్లు. ఇది అట్లాంటిది కాదు. ఇది జాగ్రత్త. చిన్నపిల్ల ఉన్న ఇల్లు.

ఫిబ్రవరి 27

రోడ్డు పని ఇంకా కాలేదు. దుమ్ము.

మార్చి 12, శనివారం

ఊరి కోతి ఒకటి కరెంటు తీగ పట్టుకుని చచ్చిపోయింది. పొద్దున మా వంటింట్లో జొరబడి టమాటాలు ఎత్తుకుపోయిన గుంపులోదే. అయినా సరే, చచ్చిపోయిందంటే దేవుడే. పసుపు, కుంకుమ, కొత్త గుడ్డ, డప్పులు. మనిషిని తీసుకుపోయినట్టే చెరువు కట్ట దాకా తీసుకుపోయి బొంద పెట్టారు. ఊరంతా వచ్చింది.

బుచ్చవ్వ ఊరుకుంటుందా. "ఏందే ఈదక్కా, మీ కోడలి కంపెనీల సచ్చినయిటికి గూడ గిట్లనే డప్పు గొడ్తరా?" అన్నది నా పేరు పెట్టి, నలుగురికీ వినబడేటట్టు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

బాలమణి ముందుకు వచ్చి పిడికెడు మన్ను వేసింది. మళ్లీ వంగి ఇంకో పిడికెడు వేసింది. ఆ రెండోది ఎవరికని నేను అడగలేదు.

ఏప్రిల్ 24, ఆదివారం

హనుమాన్ జయంతి. బాలమణి ఆ పని మానేస్తే వడమాల వేస్తానని మొక్కాను. ప్రదక్షిణలు పూర్తి చేయలేక మధ్యలో కూర్చున్నాను. దగ్గు కాదు, ఎండ.

జాకెట్లు వదులుగా ఉన్నాయి. ఈ టైలరు కొలత సరిగ్గా తీయడు.

బాలమణి మళ్లీ అదే పాట. "నువ్వు దగ్గవట్టి మూడు నెలలు దాటె అత్తమ్మా, దవాఖానకు పోదాం పా" అంటుంది. కోతుల కంపెనీ ఆమెది, దవాఖానకు నేను పోవాలా? తన మీద ఉన్న అనుమానాన్ని నా మీదికి నెట్టాలని చూస్తోంది.

మే 5, గురువారం

నేను భయపడ్డదే అయింది.

కోతుల దగ్గర పనిచేసేవాళ్లకు ఆరు నెలలకోసారి ముంజేతికి ఒక సూది వేసి చూస్తారు. ఇంతకు ముందు ఆమెకు ఏమీ అయ్యేది కాదు. ఈసారి రూపాయి బిళ్ల కంటే పెద్దగా, ఎర్రగా ఉబ్బింది. కొంగు కప్పుకుని వచ్చింది కానీ నేను చూశాను. కోతుల గదుల్లోకి రావద్దన్నారట.

అది టీబీ సూదట. ఛాతీ ఫోటో తీస్తే బాగుందట, జబ్బు లేదట, ఎక్కడో గాలి సోకిందట. నాకు చెవులు లేవా? ఈ ఊర్లో ఆ జబ్బు వచ్చినవాళ్లందరికీ ముందు టీబీ అనే చెప్పారు. లారీ తోలే రామస్వామి ఇంటివాళ్లు చివరిదాకా టీబీ అనే చెప్పారు. పైకి చెప్పే పేరు అదే. లోపలి పేరు ఎవరు చెప్తారు?

మే 7, శనివారం

బాలమణిని మునీరాబాద్‌కు, వాళ్ల అమ్మగారింటికి పంపించాను.

పొమ్మనలేదు. ఎండాకాలం కదా, కొన్ని రోజులు ఉండి రా బిడ్డా అన్నాను. ఆమె పాప బట్టలు కూడా సంచిలో పెడుతుంటే, పాప ఇక్కడే ఉండనీ అన్నాను. గండయ్య తెగిన వల ముడులు వేస్తూ తల ఎత్తలేదు. వాడికి నా మాట కాదనే అలవాటు లేదు, పెండ్లాం మాట కాదనే అలవాటూ లేదు. అట్లాంటప్పుడు వాడికి వలలోనే పని ఎక్కువ దొరుకుతుంది.

బాలమణి పాప బట్టలు సంచిలోంచి తీసి పక్కన పెట్టింది.

"నాకేం రాలేదు అత్తమ్మా. వచ్చిందని నువ్వనుకుంటే నేను పోత. గని పిల్లను నీ పక్కల పండవెట్టకు. నీకు దగ్గున్నది."

"నా దగ్గు సంగతి నీకెందుకు?" అన్నాను.

ఏడవలేదు. పాప నుదురు ముద్దు పెట్టుకోబోయి, నేను చూస్తున్నానని ఆగిపోయింది. తల నిమిరి వెళ్లింది.

మే 8

ఇంట్లో గ్లాసు ఒకటి తక్కువైంది. ఎర్ర చుక్కది.

మే 10

పాప నా కొంగు పట్టుకునే నిద్రపోతోంది. నా పక్కనైతే భద్రం.

మే 21, శనివారం

రాజారావు సారు మా ఇంటికి వచ్చాడు. జీపు ఆగిన చప్పుడుకు బుచ్చవ్వ తల గోడ మీదికి వచ్చింది. మంచం వేశాను, దూరంగా నిలబడ్డాను. కోతులను పట్టుకున్న చేతులు కదా.

మెత్తటి మనిషి. బాలమణి పనితనం మెచ్చుకున్నాడు. ఆమెకు సూది ఉబ్బిందంటే ఈ మధ్యే ఎవరి దగ్గరో టీబీ గాలి పీల్చిందని, ఎవరి దగ్గరో తెలుసుకోవాలని చెప్పాడు. ఇంట్లో ఎవరైనా చాలాకాలంగా దగ్గుతున్నారా అని అడిగాడు.

ఎవరూ లేరన్నాను. అప్పుడే దగ్గు గొంతులోకి వచ్చింది. నీళ్లు తెస్తానని వెనక వాకిట్లోకి పోయి, కొంగు అడ్డం పెట్టుకుని దగ్గి, నీళ్లు తెచ్చి ఇచ్చాను. ఆయన తాగాడు. నన్ను చూశాడు. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి మంచం మీద పెట్టాడు.

"పొద్దున లేవగానే దగ్గి ఇందులో ఉమ్మి, శామీర్‌పేట దవాఖానలో ఇవ్వండమ్మా. ఎవరికీ చెప్పక్కర్లేదు."

ఇదంతా బాలమణి చెప్పి పంపిందే. నాకు తెలియదా.

మే 24

పాప ఆ డబ్బాలో చింతగింజలు పోసుకుని ఆడుకుంటోంది. మంచి డబ్బా. ఊరికే పోకుండా పనికొచ్చింది.

జూన్ 3, శుక్రవారం

పాప దగ్గింది. పుల్ల ఐసు తిన్నది.

జూన్ 4

మళ్లీ దగ్గింది. ఐసు తినలేదు.

జూన్ 5

దుమ్ము అని రాయబోయాను. నిన్న వాన పడి దుమ్మంతా అణిగిపోయింది.

జూన్ 6, సోమవారం

తెల్లవారకముందే లేచి చింతగింజలు ఒలకబోసి డబ్బా కడిగాను. పాప లేచి తన గింజలేవని ఏడ్చింది. సారు చెప్పినట్టే చేశాను. డబ్బా వైపు చూడకుండా మూత పెట్టాను. పాపను తీసుకుని పొద్దుటి బస్సుకు శామీర్‌పేట పోయాను. బస్సులో పాపను పక్క సీట్లో కూర్చోబెట్టి నేను కిటికీలోంచి తల బయటికి పెట్టుకున్నాను. కండక్టరు, "ముసలమ్మా, తలకాయ లోపలికి వెట్టు" అని అరుస్తూనే ఉన్నాడు.

రేపు ఇంకోసారి ఇవ్వాలట.

జూన్ 9, గురువారం

వచ్చింది. నాకే.

నర్సమ్మ కాగితం చూసి టీబీ అన్నది. నేను ఆమె దగ్గరికి వంగి, పైకి చెప్పే పేరు సరే, లోపలి పేరు ఏంది బిడ్డా, నేను ఎవరికీ చెప్పను అన్నాను. ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నా చెయ్యి పట్టుకుంది.

"లోపల గూడ టీబీనే అవ్వా. మందులేస్తె పోతది."

పాపను కూడా చూశారు. ఛాతీ ఫోటో తీశారు. పాపది మామూలు జలుబే. కానీ నా పక్కనే పడుకుంది కాబట్టి రాకుండా ఆరు నెలలు రోజూ ఒక గోలీ వేయాలట. ఆ గోలీ పాప నోట్లో వేసి నీళ్లు తాగించింది నర్సమ్మే. నేను దూరంగా నిలబడ్డాను.

నా పక్కనైతే భద్రం అని రాశాను. ఆ పేజీ చింపుదామనుకున్నాను. చింపలేదు.

జూన్ 10, శుక్రవారం

కోతుల కంపెనీకి పోయాను. ఎన్నడూ ఆ దారిలో నడవనిదాన్ని. గేటు కాడ వాచ్‌మన్ ఎవరు కావాలన్నాడు. రాజారావు సారుతో ఒక్క మాట చెప్పి పోతానన్నాను. లోపలికి రానిస్తే కూడా వచ్చేదాన్ని కాదు.

సారు బయటికి వచ్చాడు. కొంగు ముక్కుకు గట్టిగా పట్టుకుని చెప్పాను.

"సారూ, దగ్గేది నేనే. ఆనాడు అబద్ధమాడిన. నా కోడలిది ఏం తప్పు లేదు. దాన్ని పనిల నుంచి తీయకుండ్రి."

ఆయన జేబులోంచి ముక్కుకు కట్టుకునే గుడ్డ తీసి ఇచ్చాడు. బాలమణి కట్టుకునేది అదే. కోతుల నుంచి ఏమీ అంటకుండా అది కట్టుకుంటుందని ఇన్నాళ్లూ అనుకున్నానని చెప్పాను.

"అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ కూడా అంటకుండా అమ్మా," అన్నాడు. "వాటి నుంచి మీకొస్తుందని మీరు భయపడ్డారు. మన టీబీ వాటికి అంటుకుంటుందని మేం రోజూ భయపడతాం. మనిషికి మందుంది. కోతికొస్తే మేం దాన్ని బతకనియ్యం, మిగతావాటికి పాకుతుంది కదా. టీకా పనంతా కూడా మట్టిలో కలిసిపోతుంది."

గేటు దిమ్మె మీద కూర్చున్నాను. వాటికి కూడా సూది వేసి చూస్తారట. చేతికి కాదు, కంటి రెప్ప మీద. వాస్తే జబ్బు ఉన్నట్టు.

ముత్తికి వాచిందా అని అడిగాను. ముత్తి ఎవరన్నాడు. చెవి తెగినదన్నాను. ఆయన నవ్వాడు. దానికే కాదు, దేనికీ వాయలేదట. ఇంకా రెండు మూడుసార్లు చూస్తే గానీ ధైర్యం లేదట.

బాలమణి పని పోలేదు. దాణా గదిలో పెట్టారు. రోజూ మునీరాబాద్ నుంచి మేడ్చల్ వచ్చి, అక్కడ బస్సు మారి వస్తోందట. ఆమెకు కూడా జబ్బు రాకుండా గోలీలు ఇస్తున్నారట. ఇవన్నీ గండయ్యకు తెలిసే ఉంటాయి. నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

వచ్చేటప్పుడు, పని అయిపోయాక కోతులను ఏం చేస్తారు సారూ అని అడిగాను. కొన్నింటిని ఉంచుకుంటామన్నాడు. మిగతావాటి సంగతి ఆయన చెప్పలేదు. నేనూ రెట్టించి అడగలేదు. బాలమణి పప్పు కలుపుకున్న తీరు గుర్తొచ్చింది.

జూన్ 11, శనివారం

బాలమణి పాప కోసం వచ్చింది. నేను వలలు పెట్టే కొట్టంలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాను. సందులోంచి చూశాను. ఈసారి పాపను ముద్దు పెట్టుకుంది, ఆగలేదు.

తలుపు దాకా వచ్చి నిలబడింది. ఏదైనా అంటుందని ఎదురుచూశాను. అంటే బాగుండేది.

"గోలీలు మింగినవా?" అని అడిగింది.

మింగానన్నాను. పాపను తీసుకుని వెళ్లిపోయింది. పాప చేతిలో చింతగింజల మూట ఉంది.

జూన్ 13

మూత్రం నెత్తురు లెక్క ఎర్రగా వచ్చింది. ఇక అయిపోయిందనుకుని, నా వెండి కడియాలు అశ్రితకు ఇవ్వమని గండయ్యకు చెప్పాను. వాడు నవ్వుతూ చెరువుకు పోయాడు. మందు రంగట. నర్సమ్మ ముందే చెప్పిందట, నేను వినలేదట.

జూన్ 29

ఒక రోజు తప్పించి ఒక రోజు పోయి నర్సమ్మ ముందు మింగుతున్నాను. నా గ్లాసు, నా కంచం నేనే వేరు పెట్టుకున్నాను. అక్కర్లేదమ్మా, గిన్నెలతో అంటదు అని నర్సమ్మ ఎన్నిసార్లు చెప్పినా మనసు ఒప్పదు.

గిన్నెలతో అంటదట. ఏ గిన్నెతోనూ. నేను భయపడ్డ ఆ జబ్బు కూడా కలిసి తింటే, ఒకే గ్లాసులో తాగితే రాదట. మొన్న మళ్లీ అడిగాను.

జూలై 17, ఆదివారం

బుచ్చవ్వ గోడ మీంచి పలకరించింది. "కోతుల నుంచి కోడలికి, కోడలి నుంచి అత్తకు, గదేనా ఈదక్కా?" అంది.

"కాదు బుచ్చవ్వా. నా నుంచి నా కోడలికి సోకింది. నీకు గూడ రెండు వారాలాయె దగ్గవట్టి. పా, డబ్బా ఇప్పిస్త" అన్నాను.

బుచ్చవ్వ తల గోడ వెనక్కి దిగిపోయింది. రేపు మళ్లీ అడుగుతాను.

జూలై 30

రోడ్డు పని మళ్లీ మొదలైంది. దుమ్ము బాగా ఉంది. దగ్గు లేదు.

ఆగస్టు 6

బాలమణి రాలేదు. ఫలానా రోజు వస్తానని అననే లేదు కదా, రాలేదని ఎందుకు రాయాలి.

ఆగస్టు 17, బుధవారం

పోయిన వారం ఇచ్చిన తెమడలో ఏమీ లేదట. ఇంకా నాలుగు నెలలు మందులు ఉన్నాయి కానీ నా నుంచి ఇక ఎవరికీ అంటదట. నర్సమ్మను మూడుసార్లు చెప్పించుకున్నాను. కాగితం మీద కూడా రాయమన్నాను. రాసింది.

ఆ కాగితం గండయ్యకిచ్చి మునీరాబాద్‌లో చూపించి రమ్మన్నాను. ఏం చెప్పాలని అడిగాడు. ఏమీ చెప్పకు, చూపించు అన్నాను. వాడు గడప దాటాక వెనక్కి పిలిచి, రమ్మని మాత్రం అడగకు, ఆమెకు బుద్ధి పుడితేనే అన్నాను. మళ్లీ పిలిచి, ముత్తి రెప్ప సంగతి అడుగు అన్నాను.

ఆగస్టు 20, శనివారం

గండయ్య వచ్చాడు. ముత్తికి మూడోసారి కూడా రెప్ప వాయలేదు. దేనికీ వాయలేదు. బాలమణిని మళ్లీ కోతుల గదిలోకి రానిచ్చారు. ముత్తి ఆమెను చూసి ముందు వీపు తిప్పుకుని కూర్చుందట. ఇన్నాళ్లు రాలేదని అలిగిందట. తర్వాత బోను సందులోంచి చెయ్యి చాపిందట.

నేను ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాను.

కాగితం చూసి ఏమన్నదని అడిగితే, గండయ్య తల గోక్కున్నాడు. చెప్పమంటే చెప్పాడు. కాగితం చదివి మడిచి ఇచ్చిందట. లోపలికి పోయి ఎర్ర చుక్క గ్లాసు తెచ్చి వాడి ముందు పెట్టిందట.

"గీ గ్లాసు ఇప్పుడెవలికి గావాలెనో మీ అమ్మను అడుగు. నాకైతే అక్కరలేదు. ఆమెకు గావాలంటె తెస్త, లేకుంటె ఈడనే పారేస్త."

ఇన్నాళ్లకు ఆమె నన్ను ఒక మాట అన్నది. గుండె కొంచెం తేలికైంది.

గోళ్ల రంగు తుడిచే మందు షాపులో ఉంటుందని బుచ్చవ్వ చెప్పింది. బుచ్చవ్వ తెమడ పరీక్షలో ఏమీ లేదు. మేడ్చల్ పోతే ఆ సీసా తెమ్మని గండయ్యకు చెప్పాను. గ్లాసు పారేయవద్దని, తెమ్మని, నేనే తుడుస్తానని కబురు పంపాను.

ఆగస్టు 23, మంగళవారం

మునీరాబాద్ నుంచి జవాబు వచ్చింది. 28వ తేదీ, ఆదివారం. పాపను తీసుకుని బాలమణి వస్తుందట, పొద్దుటి బస్సుకు.